గ్రిల్స్ అలవాటైన చెయ్యి

నా పనిని నలుగురూ మెచ్చుకున్న రోజుల గురించి ఇంట్లో చాలాసార్లు చెప్పాను. నేను మొదలుపెడితే చాలు, మిగతాది పిల్లలే పూర్తి చేసేస్తారు. అందుకని ఈసారి వాళ్ళకి తెలియని సంగతి రాస్తున్నాను. నేను వెల్డర్‌ని. పైపులు అతకడం నా పని. ఆ పనిలోనే ఒకసారి పరీక్ష తప్పాను. ఆ సిగ్గు దాచుకోడానికి ఒక అబద్ధం ఆడాను. ఆ అబద్ధం నాకంటే మంచి పనివాడికి ఏడు నెలల బతుకు చెడగొట్టింది. ఇంత జరిగినా ఆ రోజులు తలుచుకుంటే నాకు గర్వమే ఎక్కువ. ఎందుకో మీరే చూద్దురుగాని.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. గోగు, వేరుశెనగ పండే మెట్ట పొలం, నలుగురు అన్నదమ్ములం. అందరికీ ఆ పొలం చాలదని నన్ను పద్దెనిమిదో ఏట విశాఖపట్నం పంపేశారు. పోర్టు పక్కన ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపులో హెల్పరుగా చేరాను. వెల్డింగ్ నేర్పింది అక్కడి మేస్త్రి. వన్ టౌన్ మనిషి, క్రైస్తవుడు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప ఆయన ఒంటి మీద తెల్ల చొక్కా ఎవరూ చూసి ఉండరు. మాట్లాడేది తక్కువ. మనం వేసిన అతుకు బాగుంటే "ఊఁ" అనేవాడు. బాగోకపోతే సుత్తి తీసుకుని పగలగొట్టేసి, మళ్ళీ వెయ్యమనేవాడు. మొదటి రెండేళ్ళూ నేను సుత్తి చప్పుడే విన్నాను.

నాతోపాటే చేరినవాడు ఇంకొకడు ఉండేవాడు. భీమిలి వైపు వాడు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగాళ్ళు ఒకర్నొకరు బావా అని పిలుచుకోవడం మామూలే కదా, అలా మొదటి రోజు నుంచీ మేం బావలం అయిపోయాం. ఈ కథలో బావ అంటే వాడే. మేస్త్రి నోటి వెంట "ఊఁ" నాకంటే ఏడాది ముందు వాడికే వచ్చింది.

పదమూడేళ్ళు అక్కడ పనిచేశాం. ఇద్దరం పర్మినెంటు అయ్యాం. ఆ మాట అప్పట్లో ఎంత పెద్దదో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. పర్మినెంటు అంటే ఇంటివాడు రెండో ప్రశ్న వెయ్యకుండా ఇల్లు అద్దెకిస్తాడు. జ్వరం వస్తే కార్డు పట్టుకుని డిస్పెన్సరీకి పోవచ్చు. ఆదివారం పడుకున్నా ఆ రోజు జీతం మనదే. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చే ఏడాది గురించి కూడా ఆలోచించుకోవచ్చు. ఆ ఆలోచించుకునే వీలు ఎంత సుఖమో అది పోయాకే తెలిసింది.

డెబ్బైల చివర్లో ఒక సోమవారం పొద్దున్న వెళ్ళేసరికి గేటుకి కాగితం అంటించి ఉంది. యజమాని పోయాక వారసులకి పడలేదు, పనులు రావడం తగ్గింది, మొత్తం మూసేస్తున్నారు. అందరం గేటు దగ్గరే నిలబడ్డాం. ఆ రోజే కాదు, దాదాపు నెల్లాళ్ళు రోజూ అదే వేళకి, టిఫిన్ డబ్బాలతో సహా వెళ్ళి నిలబడ్డాం. ఇంట్లో కూర్చుంటే ఉద్యోగం పోయినట్టు, గేటు దగ్గర ఉంటే ఇంకా పోనట్టు అనిపించేది. ఒక రోజు మేస్త్రి వచ్చి మా అందర్నీ ఒకసారి చూసి, "ఇనుము యెక్కడుంటే అక్కడికి పోండ్రా, ఈ గేటు దగ్గరేటి పని?" అన్నాడు. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు.

నేను గాజువాక చేరాను. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్న మాట మీద అక్కడ ఇళ్ళు లేస్తున్నాయి. ఇల్లు అంటే కిటికీలు, కిటికీలంటే గ్రిల్స్. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ సెట్టు, రోజు కూలి. వర్క్‌షాపులో వచ్చేదానికి అది సగం. కరెంటు పోతే ఆ సగం కూడా లేదు. వాన పడితే లేదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు దొరక్కపోతే అసలే లేదు. షెడ్డు యజమాని చెడ్డవాడు కాడు. ఇచ్చేదేదో సాయంత్రానికల్లా ఇచ్చేసేవాడు. కానీ మొదటి రోజే నేను పైపు అతికినట్టు నెమ్మదిగా, ఒద్దికగా ఒక గ్రిల్ అతుకుతూంటే వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు.

"ఏటి బాబూ, దీనికెవరైనా ఎక్స్-రే తీస్తారేటి? టక్కున అంటించీ. పెయింట్ ఏసీసినాక అన్నీ ఒకలాగే ఉంతాయి" అన్నాడు.

నిజమే అన్నాడు. రోజుకి నాలుగు గ్రిల్స్ అయితేనే ఆయనకి గిట్టుబాటు. నేను టక్కున అంటించడం నేర్చుకున్నాను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ రోడ్డు మీద నా అంత జోరుగా గ్రిల్ చేసేవాడు లేడు. దానికి కొంచెం పొంగిపోయాను కూడా.

బావ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళిపోయాడు. ఐసు దిమ్మలు పగలగొట్టి చేపల పెట్టెల్లో నింపే పని. బోట్లు నిండుగా వచ్చే నెలల్లో నాకంటే నాలుగు డబ్బులు ఎక్కువే సంపాదించేవాడు. వేట ఆగిపోయిన నెలల్లో చేపలు లేవు, ఐసూ లేదు, వాడికి పనీ లేదు.

మా ఆవిడ నా మేనమామ కూతురే. పొలం పని తప్ప బయటి పని ఎరగదు. రెండో ఏడు వానాకాలంలో వరసగా పది రోజులు నేను ఇంట్లో కూర్చునేసరికి, హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరతానంది. మన ఇంటి ఆడవాళ్ళు చేపల పనికి వెళ్తారా అని నేను గొడవపడ్డాను. "మన ఇంటి ఆడోళ్ళు పస్తులుండొచ్చేటి?" అంది, అంతే. ఐసు నీళ్ళలో నానిన రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళ చివర్లు తెల్లగా పగిలిపోయేవి. కొన్ని నెలలు ఆవిడ తెచ్చిందే మా ఇంట్లో నిలకడైన సంపాదన.

ఊళ్ళో మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మా మామ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి "అల్లుడు ఇంకా ఓడల కంపినీలోనేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపే మా మామ "మరేటి, పర్మినెంటు!" అన్నాడు. నేను తల ఊపాను. తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపే చూస్తూ అంది. "రొయ్యలు ఒలుస్తన్నానని నాను మాయమ్మకి సెప్పీసినాను. కూలి సేస్తన్నానని నివ్వు సెప్పలేవా? మన బాబు నిన్ను సూసి ఏటి నేర్సుకుంతాడు?"

అలా మూడేళ్ళు దాటాయి.

ఎనభైల మొదట్లో ఫ్యాక్టరీ కట్టే పనులు ఊపందుకున్నాయి. పైపులైన్లు వేసే ఒక కాంట్రాక్టరు వెల్డర్లను తీసుకుంటున్నాడని తెలిసింది. పరీక్ష పెడతారు, నెగ్గితే నెల జీతం. ఆ జీతం ఎంతో విన్నాక నాకు ఆ రోజు అన్నం సయించలేదు. షెడ్డుకి సెలవు పెట్టి, పాత వర్క్‌షాపు చొక్కా ఉతికించి వేసుకుని వెళ్ళాను. పదమూడేళ్ళు ఓడల పైపులు అతికినవాణ్ణి, నాకు పరీక్షేమిటన్న ధీమా ఒకటి.

పరీక్ష ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. రెండు పైపు ముక్కలు ఏటవాలుగా బిగించి, మధ్య సన్నని సందు ఉంచుతారు. మనం చుట్టూ తిరుగుతూ అతకాలి. పైపుని తిప్పకూడదు, మనమే వంగాలి. మొదటి వరుస ఆ సందు లోపలి అంచుదాకా కరిగి కూర్చోవాలి. అది పైకి కనిపించదు. పైన ఎంత అందంగా ముగించినా లోపల ఏం జరిగిందో ఎక్స్-రే చెప్పేస్తుంది.

పైకి నా అతుకు అందంగానే ఉంది. మర్నాడు ఇంజినీరు పిలిచాడు. తెలుగు వచ్చీ రాని మనిషి, పెద్దవాడు. ఫిల్ము కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూపించాడు. తెల్లటి పట్టీ మధ్యలో నల్లటి గీత, జానెడు పొడుగున. లోపల అతుకు పడనే లేదు.

"పైపు చేసి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మూడేళ్ళు దాటింది సార్."

"ఈ మూడేళ్ళూ ఏం చేశావు?"

"గ్రిల్స్ సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చెయ్యి తొందరపడుతోంది. లోపల కరిగేదాకా ఆగడం లేదు. వెల్డర్‌గా తీసుకోలేను. గ్రైండింగ్ పని ఉంది, కూలి రేటు. కావాలంటే రేపు రా" అన్నాడు.

ఉద్యోగం పోతే జీతం పోతుందని అందరికీ తెలుసు. నేర్చుకున్న పని కూడా చేతిలోంచి జారిపోతుందని నాకు ఆ కిటికీ దగ్గరే తెలిసింది. పదమూడేళ్ళు కష్టపడి సంపాదించుకున్న చెయ్యి అది. రోజుకి నాలుగు గ్రిల్స్ కోసం దాన్ని నేనే కొంచెం కొంచెంగా పాడుచేసుకున్నాను.

ఇంటికి వెళ్ళబుద్ధి కాక హార్బర్‌కి వెళ్ళాను. పొద్దుటి వేలంపాట ముగిసి జనం పలచబడ్డారు. బావ ఐసు పొడి అంటిన గోనెపట్టా భుజాన వేసుకుని నాకు ఎదురొచ్చాడు. నేను పరీక్షకి వెళ్ళినట్టు వాడికి తెలుసు. నేను నెగ్గితే తనూ వెళ్దామని చూస్తున్నాడు.

"ఏటయ్యింది బావా? తీసుకున్నారా?"

"ఒట్టిది బావా. ఆళ్ళ మనుషుల్ని ముందే అట్టిపెట్టుకున్నారు. మనలాంటోళ్ళు ఎల్లినా దండగే" అన్నాను.

ఎందుకు అన్నానో ఇన్నేళ్ళు ఆలోచించాను. నేను తప్పానని వాడికి తెలియకూడదు, అది ఒక కారణం. వాడు వెళ్ళి నెగ్గితే నేను చూడలేను, అసలు కారణం అది. వాడు "పోనీలే బావా, మనకి రాసిపెట్టినేదు" అని, నాకే ధైర్యం చెప్పి టీ తాగించి పంపించాడు.

మా ఆవిడ దగ్గర మాత్రం అబద్ధం ఆడలేదు. పరీక్ష పోయిందని చెప్పాను. గ్రైండింగ్ పనికి పోనని కూడా చెప్పాను. అంత పని చేసినవాణ్ణి, వెల్డర్ల వెనక అతుకులు అరగదీస్తూ కూర్చోవాలా? ఆవిడ రొయ్యల పొట్టుతో గీసుకుపోయిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. "గేటు బయట గొప్పోడివా, గేటు లోపల కూలోడివా? లోపలికెల్లు. పైపులు అక్కడే ఉన్నాయి కదా" అంది. మర్నాడు వెళ్ళాను.

నాకు తెలియని మేలు ఒకటి ఆ గ్రైండింగ్ పనిలో దొరికింది. ఎక్స్-రేలో తప్పిన అతుకుల్ని కోసి విప్పేది మేమే. అందమైన పైభాగం కింద ఎంత బోలు ఉంటుందో, మంచి పనివాడి అతుకు లోపల ఎంత నున్నగా ఉంటుందో రోజూ కళ్ళారా చూసేవాణ్ణి. కానీ చూస్తే చెయ్యి తిరగదు కదా. నాలుగైదు నెలలు అయ్యాక మా ఆవిడే అంది, "నేర్పినోడి కాడికే ఎల్లి అడుగు. సిగ్గేటి?"

మేస్త్రి వన్ టౌన్‌లో తన ఇంటి అరుగు మీద కిరోసిన్ స్టవ్వులు బాగుచేసుకుంటున్నాడు. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది, లావుపాటి అద్దాలు. నేను పరీక్ష తప్పిన సంగతి అంతా విని, "సెయ్యి ఇలగియ్యి" అన్నాడు. నా కుడి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, డాక్టరు చూసినట్టు. "ఇరగనేదు కదా. వస్తాది" అన్నాడు.

వెల్డింగ్ సెట్టు ఎక్కడ దొరుకుతుందన్నది సమస్య. మళ్ళీ గాజువాక షెడ్డు యజమాని దగ్గరికే వెళ్ళాను. ఆదివారాలు షెడ్డు ఇమ్మన్నాను, బదులుగా ఒక పెద్ద గేటు ఊరికే చేసిపెడతానన్నాను. ఆయన నా మొహం చూసి, "గేటు వొద్దు గానీ, పాసైతే ఓ మాట వొచ్చి సెప్పు" అన్నాడు. ఫ్యాక్టరీ తుక్కులోంచి పైపు ముక్కలు ఇంజినీరే ఇప్పించాడు.

ఆదివారం చర్చి అయ్యాక మేస్త్రి తెల్ల చొక్కాతోనే బస్సెక్కి వచ్చేవాడు. ఆపరేషన్ అయిన కళ్ళు కాబట్టి వెల్డింగ్ వెలుగు చూడకూడదు. నాకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని, తడి తువ్వాలు తల మీద వేసుకుని, చప్పుడు వినేవాడు. నమ్ముతారో లేదో, మంచి అతుకుకి ఒక చప్పుడు ఉంటుంది. సన్నగా, ఒకే తీరుగా, తెగకుండా చిటపటలాడుతుంది. నా చెయ్యి తొందరపడగానే ఆ చప్పుడు బొంగురుపోయేది. వెంటనే అటువైపు నుంచే అరిచేవాడు. "దూరమైపోనాది... దగ్గిరికి తే... ఆగు, ఆగు, కరగనీ... ఎవుడు తరుముతన్నాడ్రా నిన్ను?"

నాలుగో ఆదివారం టీ తాగుతూ మేస్త్రి ఉన్నట్టుండి అడిగాడు.

"ఆడేడి? మీ బావ? ఆడి సెయ్యి నీకన్నా మంచిది. ఆడు పాసైపోయుంతాడు గదా?"

ఆయనకి అబద్ధం చెప్పడం నాకు చాతకాదు. ఆయన సుత్తి కింద పెరిగినవాణ్ణి. హార్బర్‌లో బావతో ఏమన్నానో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలు పిండి, మడిచి, భుజాన వేసుకున్నాడు. రోడ్డు దాకా వెళ్ళి ఆగి, "ఆణ్ణి తీసుకొస్తేనే వొచ్చే ఆదివారం వొస్తాను" అని బస్సెక్కేశాడు.

ఆ వారంలో మూడుసార్లు హార్బర్ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. శనివారం లోపలికి వెళ్ళాను. బావ గునపంతో ఐసు కొడుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. వాళ్ళ మనుషుల్ని పెట్టుకున్నారన్నది అబద్ధమని, నేనే తప్పానని, పరీక్ష నిజాయితీగానే జరిగిందని, నువ్వెళ్ళి ఉంటే ఆ రోజే నెగ్గేవాడివని.

వాడు ఐసు కొడుతూనే విన్నాడు. అంతా అయ్యాక గునపం ఆగింది.

"ఎన్ని నెల్లయ్యింది?"

"ఏడు."

"మా పెద్దగుంట బడి మానీసి రొయ్యల షెడ్డుకి పోతంది. తెలుసా నీకు? మీ ఆవిడ పక్కనే కూకుంతాది. ఆరు నెల్లయింది."

నాకు తెలుసు. బావగారి అమ్మాయి షెడ్డుకి వస్తోందని మా ఆవిడ చెప్పింది. పాపం అనుకున్నాను. ఆ పాపం ఎవరిదో లెక్క తేల్చుకోలేదు, అంతే. పన్నెండేళ్ళ పిల్ల. వాడు మళ్ళీ గునపం ఎత్తాడు. నేను వచ్చేశాను.

మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. వాడు రాడని తెలుసు, ఇక మేస్త్రీ రాడు. ఊరికే కూర్చున్నాను. పదకొండు దాటాక బస్సులోంచి తెల్ల చొక్కా దిగింది. దాని వెనకే బావ దిగాడు. పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళి, చర్చి అయ్యేదాకా బయట నిలబడి, మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడట. నా వైపు చూడలేదు. "మేస్త్రీ గారూ, హోల్డర్ ఇమ్మను" అన్నాడు. వెల్డింగ్ రాడ్ బిగించే ఆ పిడి నేను ఇచ్చాను.

ఆ తరవాత ఆరు ఆదివారాలు ఒకే సెట్టు మీద ఇద్దరం వంతులేసుకుని పనిచేశాం. వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రాడ్ కావాలంటే మేస్త్రికి చెప్పేవాడు, మేస్త్రి నాకు చెప్పేవాడు, మూడడుగుల దూరంలో. మొదట్లో వాడి చెయ్యీ వణికింది. కానీ వాడు ఈ నాలుగేళ్ళూ అసలు వెల్డింగే ముట్టుకోలేదు కాబట్టి చెడ్డ అలవాటేదీ పడలేదు. నేను మరిచిపోవాల్సింది చాలా ఉంది. వాడు గుర్తు తెచ్చుకుంటే చాలు. మూడో వారానికే ఆ సన్నటి చప్పుడు వచ్చేసింది. మేస్త్రి అటు తిరిగే "ఊఁ" అన్నాడు. నాకు ఆ "ఊఁ" రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

పరీక్ష వైశాఖం ఎండల్లో పడింది. రేకుల కింద, తోలు చేతి తొడుగులతో, ఏటవాలు పైపు చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ పనిచేశాం. ముందు వాడు, తరవాత నేను. నా మొదటి వరుస మొదలుపెట్టినప్పుడు పాత తొందర వేళ్ళలోకి వచ్చింది. తరుముతున్నదెవరని నన్ను నేనే అడిగాను. ఎవరూ లేరు. ఆగాను. సందు అంచులు కరిగి ఒకటవడం మొహం ముందున్న నల్లద్దంలోంచి కనిపించింది. అక్కణ్ణించి చెయ్యి నాది.

మర్నాడు ఇంజినీరు రెండు ఫిల్ములూ కిటికీకి ఎత్తి పట్టాడు. నాది చూసి, "బాగుంది. పాస్" అన్నాడు. బావది చూశాడు. దించి, మళ్ళీ ఎత్తాడు. ఎక్కడా చిన్న చుక్క లేదు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడీ మనిషి?" అన్నాడు నాతో. "ఆర్నెల్ల నుంచీ ఇలాంటివాడి కోసం వెతుకుతున్నాను."

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. బావ నాకంటే ముందే అన్నాడు.

"హార్బర్లో ఉన్నాను సార్. ఐసు కొట్టీవోణ్ణి. పరీక్ష సంగతి తెలీనేదు."

బయటికి వచ్చాక ఎండలో పక్కపక్కనే నడిచాం. గేటు దాటాక వాడే అన్నాడు, "ఏటి బావా, మేస్త్రికి సెప్పొద్దా? బేగి నడు." రెండు నెలల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది. ముందు గాజువాక షెడ్డుకి, అక్కణ్ణించి వన్ టౌన్‌కి వెళ్ళాం. మేస్త్రి విని, స్టవ్వులోంచి తల ఎత్తకుండానే "ఫిల్ములో సుక్కలున్నాయా?" అన్నాడు. లేవన్నాం. "మరింకేటి" అన్నాడు. అరుగు దిగి వెనక్కి చూస్తే కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఆపరేషన్ కళ్ళు, నీరు కారతాయి మరి.

బావ కూతురు బడి తెరిచిన రోజే మళ్ళీ బడికి వెళ్ళింది. ఒక తరగతి వెనకబడింది, అది నా వల్లే. మా ఆవిడ మాత్రం రొయ్యల షెడ్డు మానలేదు. ఇంకో రెండేళ్ళు చేసింది. "ఈ గేటుకి కాగితం అంటించరని ఎవడైనా సెప్పినాడేటి?" అనేది. ఆవిడ అన్నది తప్పు కాదు. కాంట్రాక్టు ఉద్యోగం పని ఉన్నంతవరకే. పర్మినెంటు అయ్యేసరికి ఇంకో ఐదేళ్ళు పట్టింది. నా ఈడువాళ్ళు, గేటు మూతపడని చోట పనిచేసినవాళ్ళు, అప్పటికి నాకంటే రెండు మెట్లు పైన ఉన్నారు. ఆ రెండు మెట్లూ నేను రిటైరయ్యేదాకా ఎక్కలేదు. పాత వర్క్‌షాపు పదమూడేళ్ళ సర్వీసు ఏ కాగితం మీదా లెక్కకి రాలేదు. చేతిలో ఉన్నది మాత్రమే నాతో వచ్చింది. అదీ దాదాపు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్నది.

మీలో ఎవరికైనా ఉద్యోగం పోతే, కడుపు కోసం ఏ పనైనా చెయ్యండి, నామోషీ లేదు. కానీ వారానికి ఒక పూటైనా మీ పాత పనిని ముట్టుకోండి. తప్పితే తప్పామని పక్కవాడికి నిజం చెప్పండి. మీకు మూసుకున్న దారి వాడికీ మూసుకోవాలని లేదు.

ఇంకొక్క రోజు గురించి చెప్పి ఆపుతాను. ఎనభైలు ముగియబోతున్నాయి. ఫ్యాక్టరీలో ఒక పెద్ద పైపు, మనిషి లోపల వంగి నడవగలిగేంతది. అంత పెద్ద అతుకుని ఒక్కడే వేస్తే ఒక పక్కకి లాగేస్తుంది. అందుకని ఇద్దరు వెల్డర్లు చెరో వైపు, ఒకే వేగంతో, ఒకే వేళకి వెయ్యాలి. ఆ జంట ఎవరన్నది ఇంజినీరు మమ్మల్ని అడగలేదు, పేర్లు రాసేశాడు. రెండు రోజులు వేశాం. ఆ గుండ్రం అవతల ఉన్న బావ నాకు కనపడడు. వాడి రాడ్ చప్పుడు వినపడుతుంది, దాన్ని బట్టి నా చెయ్యి నడిపాను. వాడూ అంతేనట. నీళ్ళు నింపి ఒత్తిడి ఎక్కించిన రోజు అందరం గడియారం లాంటి ఆ మీటరు ముందు నిలబడ్డాం. ముల్లు ఎక్కాల్సినంత ఎక్కి అక్కడే నిలిచిపోయింది. ఒక్క చుక్క కారలేదు.

ఇంజినీరు పైపు దగ్గరికెళ్ళి అతుకు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరాడు. ఒక చోట ఆగాడు. "ఇక్కడ మరీ నున్నగా ఉంది. ఈ సగం ఎవరిది?" అన్నాడు.

నేను చూశాను. ఏ సగం ఎక్కడ మొదలైందో నిజంగా నాకు తెలియలేదు.

"అది మా బావది సార్" అన్నాడు బావ, నన్ను చూపించి.

నేను కాదనలేదు.